వేలు చెంపకు అంగుళం దూరంలో ఆగిపోతే

శ్రీకాకుళంలో ఏ క్లినిక్ ముందు బెంచీ మీదైనా ఓ పూట కూర్చోండి. తలనొప్పివాళ్లను రెండు రకాలుగా విడదీయడానికి వాళ్ల చేతులు చూస్తే చాలు. పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) ఉన్నవాళ్లు అరచేతిని కణతకు అదిమి పట్టుకుంటారు, తువ్వాలు బిగించి కట్టుకుంటారు, అమృతాంజనం రాసి నలుపుకుంటారు. నొక్కితే వాళ్లకు కాస్త హాయి. రెండో రకంవాళ్లు చూపుడు వేలితో చోటు చూపిస్తారు గాని, ఆ వేలు చెంపకు అంగుళం దూరంలో ఆగిపోతుంది. ముట్టుకోరు. డాక్టరు చెయ్యి చాస్తే తల వెనక్కి లాక్కుంటారు. ఏమైందని అడిగితే మాత్రం ఇద్దరూ చెప్పేది ఒకటే: "బుర్ర నొప్పి బాబూ." చీటీ మీద పడేదీ ఆ ఒక్క మాటే, తలనొప్పి. దారి తప్పేది అక్కడే.

ఆ రెండో నొప్పి పేరు ట్రైజెమినల్ న్యూరాల్జియా. దాన్ని పట్టుకోవడానికి పది నిమిషాల మాటలు చాలని, ఆ పది నిమిషాలు ఎవరూ ఇవ్వకపోవడం వల్లే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనుషులు ఏళ్ల తరబడి పళ్లు పీకించుకుని, సైనస్ ఎక్స్‌రేలు తీయించుకుని, బి-కాంప్లెక్స్ సూదులు పొడిపించుకుని తిరుగుతున్నారని నా వాదన. యంత్రాలు లేకనే జబ్బు దొరకలేదన్నది సాకు. లండన్‌లో జాన్ ఫోదర్‌గిల్ అనే వైద్యుడు 1773లో ఈ నొప్పిని వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌రే పుట్టడానికి ఇంకా 122 ఏళ్లుంది. ఆయన చేసిందల్లా రోగుల్ని అడగడం, వాళ్ల ముఖాల్ని చూడడం. ఆ వర్ణన ఇవాళ్టికీ సరిపోతుంది.

ముఖంలో నొప్పిని తలనొప్పి అనడం రోగి తప్పేమీ కాదు. మెదడు కాండం నుంచి కుడికి ఒకటి, ఎడమకు ఒకటి బయల్దేరే అయిదో కపాల నాడి పేరే ట్రైజెమినల్, ఈ నొప్పి దానిదే. మూడు పాయలుగా చీలుతుంది. పై పాయ కన్ను, నుదురు మీదుగా మాడు దాకా పోతుంది. నడిమి పాయ చెంప, ముక్కు పక్క, పై పెదవి, పై పళ్లు చూసుకుంటుంది. కింది పాయది కింది దవడ, కింది పళ్లు, గడ్డం, చెవి ముందు నుంచి కణత దాకా. అంటే నుదురూ కణతా కూడా దీని పొలంలోవే. మెదడు మీది పొరకు నొప్పి తెలిసేదీ చాలావరకు ఈ నాడి వల్లే. మైగ్రేన్ కూడా ఇదే దారిలో నడుస్తుంది. ఇంకో చిక్కుంది. ఈ నాడి నొప్పిని అందుకునే కేంద్రం వెన్నుపాములోకి, మెడ పై భాగం దాకా దిగి ఉంటుంది. మెడ నుంచి వచ్చే రెండో, మూడో నరాలు కూడా అక్కడికే చేరతాయి. అందుకే మెడలో పుట్టిన నొప్పి కంటి వెనక తెలుస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: దవడ మూల, చెవి వెనక, పిడితల ఈ నాడి పొలంలోవి కావు. నొప్పి అక్కడ మొదలైతే వేరే జబ్బు వెతకాలి.

పేరు దగ్గర కూడా పెద్ద గందరగోళం ఉంది. "ముఖ నరం నొప్పి" అనగానే చాలామంది, కొందరు మందుల షాపువాళ్లతో సహా, ఏడో నాడి అనుకుంటారు. ఏడోది ముఖాన్ని కదిపే నాడి. అది పడిపోతే మూతి ఒక పక్కకు పోతుంది, కన్ను మూతపడదు. అదే బెల్స్ పాల్సీ. అయిదోది ప్రధానంగా స్పర్శ నాడి, నొప్పి దీనిది. దీనివల్ల మూతి వంకర పోదు, పక్షవాతం రాదు. ఈ మాట మొదటి రోజే చెప్పాలి. ఎందుకంటే చెంపలో జువ్వుమన్న ప్రతిసారీ ఇంటిల్లిపాదీ పక్షవాతమేమోనని హడలిపోతుంటారు. ఇక "నరాల బలహీనత" అన్నది మన దగ్గర అన్నిటికీ తగిలించే పేరు. ఇక్కడ నరం బలహీనపడలేదు. అక్కర్లేని చోట మండిపడుతోంది. విటమిన్ సూదితో అది చల్లారదు.

అడగాల్సినవాటిలో మొదటిది, ఎంతసేపు ఉంటుంది అని. చాలామంది డాక్టర్లు మోసపోయేదీ ఇక్కడే. "ఎంతసేపుంటుందమ్మా?" అంటే "పొద్దుట్నుంచి సాయంత్రం దాకా" అంటుంది. దాంతో మైగ్రేన్ ఖాయమైపోతుంది. అడిగిన తీరు తప్పు. "ఒక్క పోటు ఎంతసేపు? వచ్చినప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టు, ఎన్ని అంకెల దాకా పోతుంది?" అని అడగాలి. అప్పుడు ఆవిడ, "ఇక్కడ్నించి ఇలాగ జువ్వుమని లాగేస్తంది, కరెంటు కొట్టినట్టు, అంతే, పోద్ది, మళ్లీ వస్తది" అంటుంది. రోజంతా ఉండేది నొప్పి కాదు, పోట్ల వరస. తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ 2018లో వేసిన గీత ప్రకారం ఒక్కో పోటు సెకనులో చిన్న వంతు నుంచి 2 నిమిషాల లోపు. మైగ్రేన్ 4 నుంచి 72 గంటలు. ఈ రెంటి మధ్య ఉన్న తేడా అంత పెద్దది, అయినా కలగాపులగం అవుతున్నాయంటే అడగకపోవడం వల్లే. కొందరికి పోట్ల మధ్యలో కూడా సన్నగా సలుపు ఉండిపోతుంది, అదీ నిజమే. అప్పుడు "సలుపు మీద పోటు వస్తుందా, పోటు మీద సలుపు మిగులుతుందా" అని విడదీసి అడగాలి.

రెండోది, ఏం చేస్తే వస్తుంది. నొప్పి కలిగించకూడని పనికి నొప్పి రావడమే ఈ జబ్బు ముద్ర. వేపపుల్ల చిగుళ్లకు తగలడం, పొద్దున్నే చన్నీళ్లతో ముఖం కడగడం, బొట్టు పెట్టుకోవడం, ముక్కుపుడక కదలడం, అన్నం మొదటి ముద్ద నమలడం, మాట్లాడడం, నవ్వడం. కళింగపట్నం వైపు బండి మీద పోతుంటే చెంపకు కొట్టే సముద్రపు గాలి. బస్సులో కిటికీ సీటు. రోగి చెప్పకపోయినా ముఖం చెబుతుంది. మగవాళ్లలో ఒక పక్క గడ్డం నున్నగా ఉండి, రెండో పక్క పెదవి అంచున అర్ధరూపాయి బిళ్లంత మేర వారం రోజుల గడ్డం మిగిలిపోయి ఉంటుంది. అక్కడ బ్లేడు తగలనివ్వడు. ఆడవాళ్లలో ఒక చెంపకు పసుపు అంటి రెండో చెంపకు అంటదు. నోరు తెరిపిస్తే ఒక పక్క పళ్లకే గార పట్టి ఉంటుంది, అటు బ్రష్షు పోనివ్వక. ఎండలో కూడా మఫ్లరు చుట్టుకుని వచ్చే మనిషిని చూసి నవ్వకండి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఠక్కున ఆగి, కదలకుండా బిగుసుకుపోయి, ఓ పది సెకన్ల తర్వాత మళ్లీ అందుకునే మనిషి కనబడితే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే.

మిగతా ప్రశ్నలు తొందరగా తేలిపోతాయి. ఒకే పక్కా? దాదాపు ఎప్పుడూ ఒకే పక్క, కుడివైపు కాస్త ఎక్కువ. నిద్రలో లేపుతుందా? సాధారణంగా లేపదు. పోటు అయిపోయాక వెంటనే అదే చోట తాకితే మళ్లీ వస్తుందా? చాలామందికి కొన్ని క్షణాలు రాదు, అందుకే తెలివైనవాళ్లు ఒక పోటు భరించేసి ఆ సందులో నాలుగు ముద్దలు మింగేస్తారు. మధ్యలో నెలల తరబడి నొప్పే లేని రోజులున్నాయా? మొదట్లో ఉంటాయి. ఈ ఆఖరుది చాలా దుర్మార్గమైన లక్షణం. నొప్పి దానంతటదే పోయే కాలంలో ఎవరేం మందిచ్చారో, ఎవరు పన్ను పీకారో ఆ పుణ్యం వాళ్ల ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు పళ్ల సంగతి. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే కాబట్టి కాసేపు ఆగాలి. నడిమి పాయ, కింది పాయ పంటి వేర్ల దాకా పోతాయి. కాబట్టి పోటు పంట్లోంచే వచ్చినట్టుంటుంది. రోగి ఏ పన్నో గట్టిగా చెప్పేస్తాడు. యాభై దాటినవాళ్ల నోట్లో పిప్పి పన్ను వెతికితే దొరకకుండా ఉండదు. పీకుతారు. మత్తు సూది పడగానే నొప్పి మాయమవుతుంది, ఎందుకంటే ఆ సూది పోటును రెచ్చగొట్టే చోటును కూడా మొద్దుబరుస్తుంది. "చూశారా, పన్నే" అంటారు. ఇక్కడ మత్తు సూదితో తగ్గడం రుజువు కాదు. రెండు వారాలకు నొప్పి పక్క పంట్లోకి "దిగుతుంది". రెండో పన్ను, మూడో పన్ను, ఆపైన రూట్ కెనాల్.

పంటి నొప్పికి దాని గుణాలు దానికున్నాయి. పన్ను లోపలి గుజ్జు వాచితే చన్నీళ్లు, వేడి టీ తగిలాక నొప్పి నిమిషాల తరబడి ఉండిపోతుంది, రాత్రి పడుకుంటే పెరుగుతుంది, నిద్ర చెడగొడుతుంది. పన్ను చిట్లితే కొరికి వదిలేటప్పుడు కలుక్కుమంటుంది. వేరు కింద చీము పడితే పన్ను మీద చిన్నగా తట్టినా ఓర్చుకోలేరు. ట్రైజెమినల్ పోటుకు పంటి మీద తట్టినా, మంచుముక్క పెట్టినా పన్ను మామూలుగానే బదులిస్తుంది. కానీ పెదవి అంచు మీద దూదిపోగు ఆడిస్తే మనిషి ఎగిరిపడతాడు. పళ్ల డాక్టరు చేయాల్సిన పని ఇంతే: ఆ పంటికి చిన్న ఎక్స్‌రే, చల్లదనం పరీక్ష, తట్టి చూడడం, దూదిపోగు. ఈ నాలుగింటిలో పన్ను మీద నేరం రుజువు కాకపోతే పీకకూడదు. "మీరే పీకమన్నారు కదా" అన్నది సమాధానం కాదు. నిజానికి ఈ జబ్బును మొదట పట్టుకోగలిగినవాడు పళ్ల డాక్టరే, రోగి ముందు పోయేది అక్కడికే గనక. పళ్లు కూడా నిజంగా పాడై ఉంటే అవీ చూడాలి, ఒకటుంటే రెండోది ఉండకూడదని రూలేం లేదు.

దీన్ని పోలిన మిగతా నొప్పుల్లో కొన్నిటిని తేలిగ్గా తోసేయొచ్చు. సైనస్ అంటే ముక్కు దిబ్బడ, చిక్కటి పసుపు చీమిడి, వంగితే బరువు. ఎక్స్‌రేలో కాస్త మసక కనబడినంత మాత్రాన సైనస్ కాదు. దవడ కీలు నొప్పి చెవి ముందు, నోరు తెరిస్తే టక్కుమంటుంది, పోటు కాదు, సలుపు. సర్పి వచ్చి మానిన నుదుటి మీద మిగిలిపోయేది మంట, గంటల తరబడి ఉంటుంది, చర్మం మీద మచ్చలు సాక్ష్యం. మెట్లెక్కితేనో, గట్టు మీద నడిస్తేనో కింది దవడ పట్టేసి, ఆగితే తగ్గితే అది గుండె. ఈసీజీ తీయించండి, ఇక్కడ చదువుతూ కూర్చోకండి.

కంటి చుట్టూ వచ్చేవి జాగ్రత్తగా చూడాలి. పై పాయ ఒక్కదానికే ట్రైజెమినల్ పోటు రావడం అరుదు, నూటికి అయిదుగురి లోపే. కాబట్టి కంటి చుట్టూ నొప్పి, అదే పక్క కన్ను ఎర్రబడి నీరు కారడం, ముక్కు కారడం కలిసి వస్తే లెక్క మారుతుంది. 15 నిమిషాల నుంచి 3 గంటలు ఉండి, రాత్రి అదే వేళకు లేపి, మనిషి పడుకోలేక గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే క్లస్టర్ తలనొప్పి. దానికి మాస్కుతో నిమిషానికి 12 నుంచి 15 లీటర్ల ఆక్సిజన్ పావుగంట ఇస్తే చాలామందికి తగ్గుతుంది. ఈ వైద్యం ఏ ఏరియా ఆసుపత్రిలోనైనా జరగొచ్చు, ఎవరూ చేయరు. పోట్లు సెకన్లలోనే ఉండి కన్ను ధారాపాతంగా కారుతుంటే సంక్ట్ అనే వేరే జబ్బు, దాని మందూ వేరే. కన్ను రాయిలా గట్టిపడి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడి, వాంతులవుతుంటే అది నీటికాసుల దాడి. ఆ రాత్రే కంటి డాక్టరు చూడాలి.

వీటన్నిటిలో తప్పిపోతే క్షమించరానిది టెంపొరల్ ఆర్టరైటిస్, కణత రక్తనాళం వాపు. మన దేశంలో తక్కువే, కానీ లేకపోలేదు. యాభై దాటినవాళ్లలో కొత్తగా వచ్చిన కణత నొప్పి, దువ్వెన తగిలితే మాడు నొప్పి, నమిలితే దవడ నొప్పి. ట్రైజెమినల్‌కీ నమిలితే నొప్పేగా అంటారు. ముద్దలు లెక్కపెట్టించండి. ట్రైజెమినల్ మొదటి ముద్దకే కొడుతుంది. రక్తం చాలని దవడ కండరం పదో ముద్దకో ఇరవయ్యో ముద్దకో లాగడం మొదలెడుతుంది, కాసేపు నమలడం ఆపితే తగ్గుతుంది, నడిస్తే పిక్క పట్టేసినట్టు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలు ఏ చిన్న ల్యాబులోనైనా అవుతాయి. అనుమానం గట్టిగా ఉంటే కణత రక్తనాళం ముక్క పరీక్ష దాకా ఆగకుండా ఆ రోజే ప్రెడ్నిసొలోన్ 40 నుంచి 60 మిల్లీగ్రాములు మొదలెట్టించాలి. ఆలస్యమైతే చూపు పోతుంది, పోయింది తిరిగి రాదు.

ఇక ఒంటి పరీక్ష. మామూలు ట్రైజెమినల్ న్యూరాల్జియాలో స్పర్శ పోదు. దూదిపోగుతో నుదురు, చెంప, గడ్డం రెండు పక్కలా తాకి పోల్చాలి, నొప్పి పక్క చివర్లో. ఆ తర్వాత గుండుసూదితో. కనుపాప అంచున దూదిపోగు తాకిస్తే కన్ను మూతపడాలి. పళ్లు బిగించమని రెండు దవడ కండరాలూ తడిమి చూడాలి. ఎక్కడైనా మొద్దుబారి ఉంటే అది "నొప్పి ముదిరింది" అని కాదు, నాడిని ఏదో తినేస్తోందనో నొక్కుతోందనో అర్థం.

మన తీరంలో ఇలా నాడిని తినేసే జబ్బుకు ఓ ప్రత్యేక కారణం ఉంది: అడ్డపొగ. చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని కాల్చే ఈ అలవాటు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లలో ఇంకా ఉంది. ఆ వేడికీ పొగకూ అంగిలి మాడిపోయి కేన్సర్ పుట్టడం ఈ ప్రాంతం గురించి వైద్య పుస్తకాల్లో ఎక్కిన సంగతి. నడిమి పాయ కొమ్మలు అంగిలిలోకే దిగుతాయి. అక్కడి కేన్సర్ ఆ నాడి వెంబడే పాకిపోగలదు. కాబట్టి అడ్డపొగ తాగే ఆవిడకు చెంప నొప్పి అంటే ముందు కట్టుడు పళ్లు తీయించి, టార్చి వేసి అంగిలి చూడాలి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, పుండు, లేదా పై పెదవి మొద్దుబారడం, వీటిలో ఏదున్నా ముక్క పరీక్షకు పంపాలి. అలాగే ఏ గాయమూ లేకుండా గడ్డం ఒక పక్క మొద్దుబారితే దాన్ని చిన్నచూపు చూడొద్దు. ఒంట్లో ఎక్కడో ఉన్న కేన్సర్ దవడ ఎముకకు చేరిందని అది చెబుతూ ఉండొచ్చు. టార్చి ఖరీదు ఎంతో మీకు తెలుసు. సీటీ స్కాన్ ఖరీదూ తెలుసు.

స్కాన్ అక్కర్లేదని నేను అనడం లేదు. రోగం పేరు మాటల్లో తేలుతుంది, దాని వెనక కారణం స్కాన్‌లో వెతకాలి. ఎక్కువమందికి మెదడు కాండం దగ్గర ఒక రక్తనాళం, తరచు చిన్నమెదడుకు పోయే పై ధమని, నాడి మొదట్లో ఒరుసుకుంటూ కొట్టుకుంటుంది. అక్కడ తీగ మీది పొర అరిగి షార్టు అయినట్టు అవుతుంది. కొందరికి గడ్డ. నలభై లోపువాళ్లకు, రెండు పక్కలా వచ్చేవాళ్లకు నరాల మీది పొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉందేమో చూడాలి. సుమారు నూటికి పదిహేను మందిలో ఇలాంటి వేరే కారణం ఉంటుంది కాబట్టి వీలైతే అందరికీ ఒక ఎంఆర్ఐ మంచిదే. కానీ "బ్రెయిన్ ఎంఆర్ఐ" అని రాసిస్తే మామూలుగా మందపాటి ముక్కలు తీసి "నార్మల్" అని ఇచ్చేస్తారు. చీటీ మీద స్పష్టంగా ఉండాలి: ట్రైజెమినల్ నాడి కోసం, సిస్ లేదా ఫియస్టా అనే పల్చటి త్రీడీ చిత్రాలు, దాంతో పాటు రక్తనాళాల చిత్రం, అవసరమైతే కాంట్రాస్ట్. సీటీ ఈ పనికి రాదు. ఇంకో మెలిక: నొప్పి లేనివాళ్లలో కూడా చాలామందికి రక్తనాళం నాడికి తగులుతూ కనిపిస్తుంది. కాబట్టి రిపోర్టులో "వాస్క్యులర్ లూప్" (రక్తనాళపు మెలిక) అని ఉందని సలుపు నొప్పి ట్రైజెమినల్ అయిపోదు. రిపోర్టు నార్మల్ అని పోటు అబద్ధమూ కాదు.

మందు కార్బమజిపిన్. స్వీడన్‌లో బ్లోమ్ అనే వైద్యుడు 1962లో దీన్ని ఈ నొప్పికి వాడి చూపించాడు, ఇప్పటికీ మొదటి మెట్టు ఇదే. పారాసెటమాల్, డైక్లోఫెనాక్ దీని మీద పనిచేయవు. "ఏ నొప్పి బిళ్లకూ లొంగడం లేదు" అన్నదే ఒక ఆనవాలు. మామూలుగా 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలెట్టి, మూడు నాలుగు రోజులకోసారి 100 పెంచుకుంటూ పోతారు. చాలామందికి 400 నుంచి 800 మధ్య సరిపోతుంది, 1200 దాటరు. పెద్దవాళ్లకు ఇంకా నెమ్మదిగా పెంచాలి, లేకపోతే తూలి పడతారు. చెడేది చాలాసార్లు మందు దగ్గర కాదు, వాడకం దగ్గర. మందుల షాపులో "ఇది ఫిట్స్ బిళ్ల కదా, మీకెందుకు రాశారు?" అంటారు, రోగి ఆ రాత్రే ఆపేస్తాడు. రాసే డాక్టరే ముందుగా చెప్పాలి: ఇది మూర్ఛ మందే, నాడి మండిపాటును తగ్గించడానికి ఇస్తున్నాం అని. రెండో సంగతి, ఈ మందు తనను తాను కరిగించుకునే పనిని కాలేయానికి నేర్పుతుంది. మొదటి వారం బ్రహ్మాండంగా పనిచేసి మూడు నాలుగు వారాలకు తేలిపోయినట్టుంటుంది. మందు ఓడిపోలేదు, మోతాదు పెంచాలి. మూడోది, నొప్పి పోయిందని ఒక్కసారిగా ఆపేయడం. తగ్గించడమూ మెట్లు మెట్లుగానే.

దీని ప్రమాదాలు దాచకూడదు. మొదటి రెండు మూడు నెలల్లో ఒంటి మీద దద్దురు, దాంతో పాటు జ్వరం, నోరు పూయడం, కళ్లు ఎర్రబడడం మొదలైతే ఆ పూటే మందు ఆపి ఆసుపత్రికి పోవాలి. స్టీవెన్స్-జాన్సన్ అనే చర్మం ఊడే జబ్బు అలాగే మొదలవుతుంది. హెచ్ఎల్ఏ-బి 1502 అనే జన్యువు ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ, ఆసియా దేశాల్లో అది ఎక్కువమందిలో కనబడుతుంది. రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. రెండోది, సోడియం పడిపోవడం. బీపీకి నీటి బిళ్ల వాడే పెద్దవాళ్లు, ఎండలో పనిచేసి చెంబులకు చెంబులు ఉత్త నీళ్లు తాగేవాళ్లు వారంలోనే మతిమరుపుగా, మగతగా అయిపోతారు. ఇంట్లోవాళ్లు "వయసు" అనుకుంటారు. మొదలెట్టే ముందు రక్తకణాల లెక్క, కాలేయం, సోడియం. రెండు మూడు వారాలకు సోడియం మళ్లీ. దీనికి బదులు ఆక్స్‌కార్బజిపిన్ ఇస్తే తూలు కాస్త తక్కువ, సోడియం పడిపోవడం ఇంకా ఎక్కువ. గర్భం రాకుండా బిళ్లలు వేసుకునేవాళ్లకు అవి పనిచేయకుండా పోతాయి, ఇది చెప్పకుండా రాసే చీటీలే ఎక్కువ.

కార్బమజిపిన్‌తో తగ్గింది కాబట్టి ట్రైజెమినలే అనే తర్కం కూడా సగమే నిజం. నూటికి డెబ్బై మందికి పైగా మొదట్లో లొంగుతారు, నిజమే. కానీ మందుకు లొంగడం తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ ఇచ్చిన లక్షణాల జాబితాలోనే లేదు. ఈ మధ్య ఎదురు తప్పు కూడా మొదలైంది. ముఖంలో ఏ నొప్పి వచ్చినా, రోజంతా సన్నగా సలిపినా, రెండు పక్కలా ఉన్నా "ట్రైజెమినల్" అని రాసి ఈ బిళ్లలు పోసేస్తున్నారు. సెకన్ల పోటు లేదు, తాకితే రావడం లేదు అంటే ఆ పేరు పెట్టొద్దు. తప్పు పేరుతో తూలు, దద్దురు, సోడియం అన్నీ ఉచితంగా వస్తాయి, నొప్పి మాత్రం పోదు.

ఉద్దానం వైపు ఇంకో లెక్క వేసుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందో చెప్పక్కర్లేదు. అక్కడ పేరు తేలని చెంప నొప్పి అంటే నెలల తరబడి డైక్లోఫెనాక్ సూదులు, నొప్పి బిళ్లలు. పోటుకు అవి పనిచేయవు, కిడ్నీ మీద మాత్రం బాగా పనిచేస్తాయి. పైగా తర్వాత ఎవరో గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందులు రాస్తారు. ఆ రెండూ కిడ్నీ గుండానే బయటికి పోవాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా మామూలు మోతాదు ఇస్తే మనిషి రెండు రోజులు మత్తులో పడుకుంటాడు. ఆ మండలాల్లో క్రియాటినిన్ లేకుండా నొప్పికి ఏ చీటీ రాయకూడదన్నది నా మొండిపట్టు.

మందులు పనిచేయనివాళ్లకు, పడనివాళ్లకు ఆపరేషన్ ఉంది. చెవి వెనక చిన్న కిటికీ తెరిచి, నాడికీ రక్తనాళానికీ మధ్య టెఫ్లాన్ పీచు పెడతారు. అమెరికాలో జానెటా అనే సర్జన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఆయన బృందం 1996లో ప్రకటించిన లెక్కల్లో పదేళ్ల తర్వాత కూడా నూటికి 70 మంది మందుల్లేకుండా నొప్పి లేకుండా ఉన్నారు. అటు చెవి వినికిడి దెబ్బతినే ప్రమాదం కొంత ఉంది. అంత ఆపరేషన్‌కు తట్టుకోలేనివాళ్లకు సూదితో నాడిని కాల్చడం, బెలూన్‌తో నొక్కడం ఉన్నాయి. అవి చెంపను కొంత మొద్దుబారుస్తాయి, నొప్పి కొన్నేళ్లకు తిరిగి రావచ్చు. పోట్లు ఆగకుండా వచ్చి, మంచినీళ్లు కూడా మింగలేక, చోడి అంబలి కూడా దిగక వాడిపోయిన మనిషిని మాత్రం బిళ్లలు పెంచుతూ ఇంట్లో ఉంచకూడదు. ఆసుపత్రిలో చేర్చి సెలైన్‌తో పాటు నరంలోకి ఫాస్‌ఫెనిటోయిన్ లాంటి మందు ఎక్కిస్తే ఆ గండం గడుస్తుంది.

వీటిలో చాలావాటికి విశాఖపట్నం పోవాల్సిందే. శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్ల పైచిలుకు, ఇచ్ఛాపురం నుంచి దానికి రెట్టింపు. తెల్లవారుజామున బస్సెక్కి, కిటికీ గాలికి చెంప కప్పుకుని పోయిన మనిషికి అక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఓపీలో దొరికేది అయిదు నిమిషాలు. ఊళ్లో డాక్టరు పంపే చీటీ మీద "తలనొప్పి" అని ఉంటే ఆ అయిదు నిమిషాలూ మొదటి ప్రశ్నకే అయిపోతాయి. ఆ చోట ఇలా ఉండాలి: "కుడి పక్క, నడిమి పాయ. పోటు 5 నుంచి 10 సెకన్లు, రోజుకు 30 పైగా. నమిలితే, ముఖం కడిగితే వస్తుంది. నిద్రలో లేదు. స్పర్శ బాగుంది. అంగిలి బాగుంది. ఈఎస్ఆర్, సోడియం, క్రియాటినిన్ జత చేశాం. కార్బమజిపిన్ రోజుకు 600, మూడు వారాలుగా. ఇప్పటికి పీకిన పళ్లు: మూడు."